వరసలో చివరి ఫొటో

కాఫీ షాపులో మనిషిని ఫొటో తీయాలంటే ముందు ఆ మనిషి మిమ్మల్ని మర్చిపోవాలి. అది చెప్పినంత తేలిక కాదు. కెమెరా బల్ల మీద పెట్టగానే ఆడవాళ్లు జుట్టు సర్దుకుంటారు, మగవాళ్లు పొట్ట లోపలికి లాక్కుంటారు. ఓ అరగంట మీరు కూడా కాఫీ తాగుతూ, కిటికీలోంచి వీధి చూస్తూ, అవసరమైతే ఆవలిస్తూ కూర్చోవాలి. అప్పుడు వాళ్లు జుట్టునీ పొట్టనీ వాటి మానాన వదిలేసి తమ లోకంలో పడతారు. మొదటి గుక్క దిగాక కళ్లు ఒక్క క్షణం మూతపడతాయి. నాకు కావలసింది ఆ క్షణం. పొద్దస్తమానం స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ, గడ్డం కొంచెం పైకి, భుజాలు కిందికి అని అరిచి అరిచి విసుగెత్తిపోయిన నాకు అదొక్కటే ఊరట.

నేను వెళ్లే కాఫీ షాపు పెద్దాసుపత్రికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. స్టూడియో తెరవకముందు పొద్దున ఏడున్నరకి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి వెళ్తాను. అక్కడినుంచి స్టూడియోకి స్కూటర్ మీద పావుగంట. షాపు యజమానిని అందరూ నురగాయన అంటారు. కప్పులో సగం కాఫీ పోసి మిగతా సగం నురగతో నింపుతాడు. ఎవరైనా గొణిగితే, నురగ లేని కాఫీ నవ్వులేని మొహంలాంటిదని దబాయిస్తాడు. గోడకి ఒక పెద్ద గడియారం పెట్టించాడు. దాని మీద అంకెలు ఉండవు, చుట్టూ పన్నెండు గీతలు మాత్రం ఉంటాయి. అంకెలుంటే జనం టైము చూసుకుని లేచిపోతారట. గీతల్ని బట్టి కూడా టైము తెలుస్తుంది కదయ్యా అంటే, తెలుస్తుంది గానీ కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది అన్నాడు.

స్టూడియోలో కొత్త కెమెరాలున్నా కాఫీ షాపుకి మాత్రం పాత ఫిల్ము కెమెరానే తీసుకెళ్తాను. నలుపూ తెలుపూ. ఫిల్ము కడిగేదీ నేనే, చీకటిగదిలో ప్రింటు వేసేదీ నేనే. మనిషి అబద్ధమాడతాడు గానీ ఫొటో ఆడదని ముప్పై ఏళ్లుగా కనిపించిన ప్రతివాడికీ చెబుతూ వచ్చాను. మా ఆవిడకి పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. అందుకేనా మీరు తీసిన ఫొటోల్లో నేను అలా ఉంటాను, అని ఆవిడ ఆనాడే నా నోరు మూయించింది. అయినా బుద్ధి రాలేదు.

ఈమధ్య నురగాయన షాపుకి కొత్త రంగు వేయించి, కౌంటరు దగ్గర్నుంచి తలుపు దాకా ఖాళీగా ఉన్న గోడ నాకు చూపించి, ఇదంతా నీదే, నింపు అన్నాడు. గుడ్డివాడికి కళ్లొచ్చినంత సంబరపడ్డాను. రెండేళ్ల ఫిల్ములు బయటికి లాగి, చూసి చూసి, ఇరవై ఫొటోలు ఏరాను. డ్యూటీ దిగి కప్పు రెండుచేతులా పట్టుకుని నిద్రపోతున్న నర్సు. ఒకే కేకు ముక్కని ఇద్దరూ నువ్వు తిను అంటే నువ్వు తిను అని తోసుకుంటున్న ముసలి దంపతులు. ఇంటర్వ్యూకి పోతూ టై మీద కాఫీ ఒలకబోసుకున్న కుర్రవాడు. అన్నీ ఒకే సైజులో వేసి ఒకే వరసలో పెట్టాను. నాకు పని నేర్పిన గురువు ఒక సూత్రం చెప్పేవాడు. వరస చివర ఉన్న మనిషి లోపలికి చూస్తూ ఉండాలి, బయటికి చూశాడంటే చూసేవాళ్ల చూపు కూడా తలుపులోంచి బయటికి పోతుంది. ఆ సూత్రం ప్రకారమే తలుపు పక్కన, కుడి చివర, ఎడమవైపుకి చూస్తూ నవ్వుతున్న మా బావమరిది ఫొటో పెట్టాను. ఇరవైలోకీ అదే గొప్పగా వచ్చింది.

మా బావమరిది లిఫ్టులు బాగుచేస్తాడు. బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అంటారు కదా, మావాడు ఆ సామెత కోసమే పుట్టినట్టుంటాడు. నాకు జ్వరమొస్తే మా ఆవిడకన్నా ముందు వాడికి తెలుస్తుంది. తల్లన్నా అక్కన్నా వాడికి ప్రాణం. ఆ ఫొటోలో వాడు కప్పు ముందు పెట్టుకుని, పక్కన ఫోను పెట్టుకుని, తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వుతున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. మోచేతి మడతలో తెల్లటి దూది, దానిమీద పట్టీ. వెనక ఖాళీ గోడ, గోడ మీద గడియారం. అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏడాది కిందట మా అత్తయ్య ఆ ఎదురాసుపత్రిలోనే ఆరు రోజులుండి పోయింది. ఆరో రోజు సాయంత్రం నాలుగూ నలభైకి పోయింది. పొద్దున బాగానే ఉందన్నారు, ఎల్లుండి ఇంటికి పంపేస్తామన్నారు. నాలుగింటికి ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. మా ఆవిడ తమ్ముడికి పదకొండుసార్లు ఫోను చేసింది, వాడు ఎత్తలేదు. నాకు నాలుగుంపావుకి చేస్తే స్టూడియోలో ఉన్నానని చెప్పి పరుగెత్తాను, నాలుగున్నరకి చేరాను. వాడు ఆరింటికి వచ్చాడు. ఏదో పెద్ద భవనంలో లిఫ్టు గుంటలో దిగి పనిచేస్తున్నాడు, కింద సిగ్నలు ఉండదు. అది ఎవరి తప్పూ కాదు. కానీ అత్తయ్య చివరి అరగంటా కొడుకుని అడుగుతూనే ఉంది. ఆ సంగతి వాడికి చెప్పొద్దని, తెలిస్తే జన్మంతా కుమిలిపోతాడని మా ఆవిడ ఆ రోజే నాచేత ఒట్టు వేయించుకుంది. ఏడాదిపాటు మేమిద్దరమూ నోరు మెదపలేదు.

ఫొటోలు పెట్టిన మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడని షాపుకి తీసుకెళ్లాను. ఒక్కొక్క ఫొటో దగ్గరా ఆగి, నవ్వి, ముసలి దంపతుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, చివరికి తమ్ముడి దగ్గరికి వచ్చింది. మొహం విప్పారింది. ఎంత బాగున్నాడో, ఎప్పుడు తీశారని అడిగింది. నా తెలివి చూడండి. దూది కనబడట్లేదా, అమ్మకి రక్తం ఇచ్చిన రోజు, అని నేనే చెప్పాను. వాడు రక్తం ఇచ్చింది జన్మలో ఒకే ఒక్కసారి. అత్తయ్య పోయిన రోజు పొద్దున.

ఆవిడ ఫొటోకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"గడియారం చూడండి," అంది.

చూశాను. చిన్నముల్లు నాలుగు దాటింది. పెద్దముల్లు రెండో గీత మీద ఉంది. నాలుగూ పది.

నాలుగూ పదికి అత్తయ్య ఎదురు భవనంలో రెండో అంతస్తులో ఊపిరాడక కొడుకుని అడుగుతోంది. మా ఆవిడ వరండాలో నిలబడి ఫోను మీద ఫోను చేస్తోంది. వాడు ఇక్కడ ఫోను పక్కనే పెట్టుకుని పగలబడి నవ్వుతున్నాడు. అది చాలదన్నట్టు ఇంకో సంగతి అర్థమవడానికి ఇంటికి చేరేదాకా పట్టింది. అది కూడా నాకు తట్టలేదు, ఆవిడే చెప్పింది.

"ఆ ఫొటో తీసింది మీరే కదా. మరి స్టూడియోలో ఉన్నానన్నారు. రోడ్డు దాటడానికి పావుగంట పట్టిందా మీకు?"

నా బుర్రలో ఆ సాయంత్రం స్టూడియో ఉంది, మోగుతున్న ఫోను ఉంది, స్కూటరు తాళం కోసం వెతుక్కోవడం ఉంది. ఫొటోలో కాఫీ షాపు ఉంది. ఈ రెండింట్లో ఏది నమ్మాలి? ఇంకొకడైతే తననే నమ్ముకునేవాడు. ఫొటో అబద్ధమాడదని ఊరంతా చాటింపు వేసినవాణ్ని నేను. పైగా రోజూ నాలుగింటికి అక్కడికి వెళ్లే అలవాటు నాదే. అత్తయ్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా మానలేదు. ఆ రోజు మాత్రం వెళ్లలేదని ఎలా చెప్పను? వెళ్లి, ఫొటో తీసి, ఆమె పోయిన గాభరాలో అంతా మర్చిపోయానేమో. మనిషి మరీ అంత మర్చిపోతాడా? నాకే తెలియలేదు.

మర్నాడు నురగాయన దగ్గరికి పోయి, మీ గడియారం ఎప్పుడైనా ఆగిందా అని అడిగాను. ఆయనకి పౌరుషం వచ్చింది. షాపు తెరిచినప్పటినుంచి అది ఒక్క నిమిషం వెనకబడలేదట, కావాలంటే ప్రమాణం చేస్తాడట. స్టూడియో పుస్తకం తీస్తే ఆ రోజు పేజీలో ఇద్దరు మనుషుల పేర్లున్నాయి, ఎన్నింటికి వచ్చారో లేదు. టైము రాసే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. ఆ ఇద్దరిలో ఒకాయన్ని వెతికి పట్టుకుంటే, మధ్యాహ్నమో సాయంత్రమో గుర్తులేదు గానీ ఫొటోలో తన చెవులు పెద్దవిగా వచ్చాయని మాత్రం గుర్తుంది అన్నాడు. ఎటు తిరిగినా అయోమయమే. ఇంట్లో మా ఆవిడ అన్నం పెడుతోంది, నీళ్లు పెడుతోంది, మాట మాత్రం పెట్టట్లేదు.

చివరికి బావమరిదిని షాపుకి పిలిచాను. ఫోనులో చెబితే నవ్వాడు. వచ్చి ఫొటో ముందు నిలబడ్డాక నవ్వడం మానేశాడు. కాఫీ చల్లారిపోయింది, నురగ అణిగిపోయింది, వాడు అక్కడినుంచి కదల్లేదు.

"ఇది నేనేగా?" అన్నాడు.

"నువ్వే."

"తీసింది నువ్వేగా?"

"నేనే."

"మరి మనిద్దరం ఇక్కడుంటే, ఆ గుంటలో ఉన్నదెవరు బావా?"

ఆ రోజు మధ్యాహ్నం ఒక సామాను కోసం గుంటలోంచి పైకి వచ్చి బజారుకి వెళ్లినట్టు వాడికి లీలగా గుర్తుంది. బజారుకి వెళ్లాడా, అమ్మని చూసిపోదామని ఇటు వచ్చాడా? వస్తే పైకి ఎందుకు వెళ్లలేదు? ఒక కాఫీ తాగి వెళ్దామనుకున్నాడా? వాడు నన్ను అడుగుతున్నాడో, తనని తానే ప్రశ్నించుకుంటున్నాడో తెలియలేదు. నేను గుర్తులేదు, గుర్తులేదు అనడం తప్ప ఏమీ అనలేదు. కుడితిలో పడ్డ ఎలుకలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నట్టు చూసుకున్నాం.

ఆదివారం పొద్దున వాడు మా ఇంటికి వచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్క కాఫీ ఇచ్చింది గానీ మొహం చూడలేదు. వాడు కప్పు పక్కన పెట్టి, చెప్పదలుచుకున్నది ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆ రోజు అక్కడే ఉన్నాడట. వాడే నన్ను ఫోను చేసి పిలిపించాడట. నేను ఒక్క ఫొటో తీసి వెంటనే స్కూటరెక్కి వెళ్లిపోయానట, అక్క ఫోను వచ్చేసరికి నేను స్టూడియో దగ్గర పడ్డానట. వాడే కూర్చుండిపోయాడట, ఫోను సైలెంట్‌లో ఉండిపోయిందట.

"బావ తప్పేం లేదక్కా. తప్పంతా నాది. నన్ను క్షమించు," అన్నాడు.

ఐదు నిమిషాల్లో ఎవడూ స్టూడియో దగ్గర పడలేడని నాకు తెలుసు. నేను నోరు తెరవాలి. తెరవలేదు. సిగ్గుతో చెబుతున్నాను, ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. నాలుగు రోజులుగా నా మెడ మీదున్న కత్తిని ఎవరో తీసి పక్కన పెట్టినట్టనిపించింది. ఎవరి మెడ మీద పెట్టారో చూడలేదు.

మా ఆవిడ గరిట చేతిలో పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"అమ్మ నిన్ను అడుగుతూనే పోయిందిరా. వాడొచ్చాడా, వాడొచ్చాడా అని. అరగంట. తలుపు వంకే చూస్తూ. నువ్వు తట్టుకోలేవని ఏడాదిగా ఈ మాట కడుపులో పెట్టుకున్నాను. నువ్వేమో రోడ్డుకి అవతల కూర్చుని నవ్వుతున్నావు."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అడిగిందా, అన్నాడు నెమ్మదిగా. లేచి, కుర్చీ మళ్లీ దాని చోట్లో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నెలరోజులు వాడు మా గుమ్మం తొక్కలేదు. మా ఆవిడ షాపుకి వెళ్లి నురగాయనకి ఒక్క మాటైనా చెప్పకుండా ఆ ఫొటో గోడ మీంచి తీసేసి, తెచ్చి బీరువాలో బట్టల కింద బోర్లా పెట్టింది. నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. నా తప్పేం లేదని వాడు చెప్పాడు కాబట్టి మాట్లాడింది. వాడు తిన్నాడో లేదో కనుక్కోవాలని ఆవిడకి ఉండేది, ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసేది. నేనేమో వాడు పనిచేసే భవనాల మీదుగా రెండుసార్లు వెళ్లి, లోపలికి పోకుండానే వెనక్కి వచ్చాను. పోయి ఏం అడగాలి? నువ్వు చెప్పింది నిజమా అని అడగాలి. నిజమైతే వాడికి శిక్ష, కాకపోతే నాకు. మింగలేక కక్కలేక తిరిగాను.

నురగాయనకి మాత్రం గోడ చివర ఖాళీ కంటికింపుగా లేదు. ఇంకో ఫొటో పెట్టమని రోజూ సతాయించాడు. సరేనని ఆ వీధిలోనే కుట్టుమిషను పెట్టుకున్న టైలరు ఫొటో ఒకటి వేసి పెట్టాను. కప్పులోకి ఊదుతూ, పక్కకి చూస్తున్న ఫొటో. రెండు రోజులకి టైలరే వచ్చాడు. ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు, మీటరు టేపు మెడలో వేసుకునే వచ్చాడు కాబట్టి కొలిచి కూడా చూస్తాడేమో అనుకున్నాను. బాగుంది గానీ ఇది నేను కాదయ్యా, అన్నాడు. నేను వాచీ ఎడంచేతికి పెట్టుకుంటాను, వీడెవడో కుడిచేతికి పెట్టుకున్నాడు.

షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాఫీ తాగేవాళ్లందరి ముందూ నా పాండిత్యం కాస్త చూపించుకునే అవకాశం దొరికింది. నువ్వేనయ్యా బాబూ, అని మొదలుపెట్టాను. నువ్వు నిజానికి కుడివైపుకి చూస్తున్నావు. వరస చివర మనిషి లోపలికి చూడాలని మా గురువు సూత్రం. అందుకని నెగటివ్‌ని తిరగేసి పెట్టి ప్రింటు వేశాను. ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది, అద్దంలో చూసుకున్నట్టు. వరస చివర ఎవడున్నా ముప్పై ఏళ్లుగా నేను ఇలాగే...

అక్కడ నా నాలుక ఆగిపోయింది.

తల పైకెత్తి గడియారం చూశాను. అంకెలు లేవు. గీతలు. అటు ఎన్ని గీతలో ఇటూ అన్నే గీతలు.

స్కూటరు ఎలా నడిపానో తెలియదు. చీకటిగదిలోకి పోయి, డబ్బాలన్నీ కింద పారేసి, ఆ నెగటివ్ పట్టుకున్నాను. ఈసారి సరైనవైపు పెట్టి ప్రింటు వేశాను. ఎర్రదీపం కింద తట్టలో నీళ్లలోంచి ముందు వాడి నవ్వు పైకి వచ్చింది, తర్వాత కప్పు, ఫోను. దూది ఎడంచేతికి వచ్చింది. కుడిచెయ్యి పనికి కావాలి, ఎడంచేతికే పొడవండి అని వాడు నర్సుతో అన్నది అప్పుడు గుర్తొచ్చింది. అన్నిటికన్నా వెనక గడియారం వచ్చింది. ఏడూ యాభై.

పొద్దున ఏడూ యాభై. అదొక్కటి తెలియగానే మిగతాదంతా కట్ట తెగినట్టు వచ్చిపడింది. పొద్దున్నే రక్తం ఇచ్చి వాడు కిందికి దిగాడు. నేను షాపులో ఉన్నాను. నీ రక్తం ఎక్కించుకుంటే నాకూ నీలాగే బారెడు పొద్దెక్కేదాకా మెలకువ రాదేమోరా, అని అత్తయ్య వాడితో అన్నదట. అది చెప్పి చెప్పి నవ్వాడు. అమ్మ తేరుకుంటోందని నవ్వాడు. ఆ నవ్వునే నేను తిరగేసి గోడకి కొట్టాను. ఎవడైనా శత్రువు చేస్తే కేసు పెట్టేవాణ్ని.

ప్రింటు ఆరకముందే ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బీరువాలోంచి పాతది తీసి, రెండూ పక్కపక్కన మంచం మీద పెట్టి, జరిగింది చెప్పాను. నమ్మదేమోనని నెగటివ్ కూడా తెచ్చాను. ఆవిడ దాన్ని కిటికీకి ఎత్తిపట్టి ఒకవైపు చూసింది, తిప్పి రెండోవైపు చూసింది. మళ్లీ తిప్పింది.

"ఎందుకు తిప్పారు?" అంది.

"బాగుంటుందని."

"బాగుంటుందని," అని తనలో తను అనుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. మడతపెట్టిన బట్టలు అలాగే వదిలేసి, పదండి, వాడెక్కడున్నాడో కనుక్కోండి అంది.

వాడు కొత్తగా కట్టిన ఆఫీసు భవనంలో ఉన్నాడు. కింది అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఉంది, ముందు తాడు కట్టి ఉంది, గుంటలోంచి లైటు వెలుగు పైకి వస్తోంది. అక్క పిలవగానే లైటు కదిలింది. నిచ్చెన మీద పైకి వచ్చి మమ్మల్ని చూసి, పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. ఫొటోలు రెండూ వాడి చేతికిచ్చి, వాచీ సంగతి, సూత్రం సంగతి, గడియారం సంగతి మొదటినుంచీ చెప్పాను. చెబుతున్నంతసేపూ వాడు నావంక చూడలేదు, ఫొటోల వంకే చూశాడు.

"కాదు బావా," అన్నాడు చివరికి. "నాకు గుర్తుంది. బల్ల మీద ఫోను అదురుతూనే ఉంది. అక్క పేరు కనబడుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను. రోజూ గుర్తొస్తోంది."

నన్ను కాపాడటానికి వాడు అబద్ధం చెప్పాడనే ఇంతకాలం నేను లోపల్లోపల అనుకుంటున్నాను. నా ఇల్లు నిలబెట్టడానికి నింద నెత్తిన వేసుకున్నాడనుకున్నాను. ముందు అందుకే చెప్పాడేమో. తర్వాత ఆ ఫొటో వాడి బుర్రలోకి దూరి, జరగనిదాన్ని జరిగినట్టు కూర్చోబెట్టింది. నెలరోజులు వాడు దానితో కాపురం చేశాడు.

మా ఆవిడ వాడి మోచెయ్యి పట్టుకుంది. నువ్వు గుంటలోనే ఉన్నావురా, ఫోను కూడా గుంటలోనే ఉంది, మోగలేదు, నువ్వు చూడలేదు అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు నాలుగైదుసార్లు చెప్పింది. తప్పు నాదిరా, ఫొటోని నమ్మి నిన్ను నమ్మలేదు అంది. అంటూనే ఏడ్చింది. వాడు అక్క తల నిమరబోయి, చేతికి గ్రీజు ఉందని ఆగాడు. దానికేముందిలే అక్కా అన్నాడు. అయితే ఆ సాయంత్రం నేను ఇక్కడికి రాలేదన్నమాట, అని ఫొటోలోని బల్లని బొటనవేలితో తట్టాడు. రాలేదు, అన్నాం ఇద్దరం. వాడి మొహంలోకి కొంచెం ప్రాణం వచ్చింది. అంతా తీరిపోయిందనుకున్నాను.

వాడు ఫొటోలు నాకు తిరిగి ఇచ్చేసి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, అమ్మ నన్ను అడుగుతూ పోయిందన్నావు. అది?"

ఆవిడ తడుముకోలేదు. "కోపంలో అన్నాన్రా. అడగలేదు. నిద్రలోనే పోయింది."

వాడు ఆవిడ కళ్లలోకి కాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నువ్వున్నావుగా బావా ఆఖర్న. అడిగిందా?"

నాలుగున్నరకి నేను ఆ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. అత్తయ్య నన్ను చూసి, వాడే అనుకుని, మొహమంతా నవ్వు చేసుకుని చెయ్యి చాపింది. దగ్గరికి వెళ్లాక పోల్చుకుంది. చాపిన చెయ్యి మెల్లగా దుప్పటి మీద పెట్టేసుకుని మళ్లీ తలుపు వైపు చూసింది. ఈ సంగతి నేను మా ఆవిడకి కూడా చెప్పలేదు.

"లేదురా," అన్నాను. "నేను వెళ్లేసరికి నిద్రలో ఉంది."

వాడు సరే అన్నట్టు తలూపాడు. సాయంత్రం ఇంటికి వస్తాను, ఏదైనా వండు అని అక్కతో చెప్పి, నిచ్చెన పట్టుకుని మళ్లీ గుంటలోకి దిగాడు. నమ్మాడో, మా ఇద్దరి కోసం నమ్మినట్టు ఉన్నాడో, నాకు ఇప్పటికీ తెలియదు.